మొదటి క్లాసిక్ స్పోర్ట్స్ కారు: మెరుపు చూసి కాదు, అడుగు చూసి కొనండి

పాత స్పోర్ట్స్ కారు మీద మనసు పడినవారు చేసే మొదటి పని ఫొటోలు చూడటం. సగం నష్టం అక్కడే జరిగిపోతుంది. ఎర్ర రంగు, క్రోమియం బంపరు, చెక్క స్టీరింగు కళ్లబడగానే లెక్కలన్నీ గాలికి పోతాయి. నేనూ అలాగే మొదలుపెట్టాను. నెలల తరబడి ఏ మోడల్ గొప్పదో చదివాను, హార్స్‌పవర్ అంకెలు కంఠతా పట్టాను. తీరా బండ్లు చూడటానికి వెళ్లాకగానీ తెలియలేదు, మోడల్ ఏదన్నది రెండో ప్రశ్న అని. ఆ మోడల్‌లో మీ ముందు నిలబడిన బండి ఎలాంటిదన్నది మొదటి ప్రశ్న. ఒకే వారంలో, ఒకే ఫ్యాక్టరీలో తయారైన రెండు కార్లలో నలభై ఏళ్ల తర్వాత ఒకటి రాయిలా ఉంటుంది, ఇంకొకటి చెదపట్టిన దూలంలా ఉంటుంది.

అలాగని మోడల్ ఎంపికను కొట్టిపారేయలేం. ప్రతి మోడల్‌కూ పుట్టుకతో వచ్చిన జబ్బులు ఉంటాయి. అవి తెలియకపోతే బండి ముందు నిలబడి ఎక్కడ చూడాలో తోచదు.

క్లాసిక్ అనడానికి ఎంత వయసు కావాలన్న తగువు ఎప్పుడూ ఉన్నదే. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కనీసం 30 ఏళ్లు నిండినవాటినే చారిత్రక వాహనాలుగా గుర్తిస్తుంది. ఆ లెక్కన 1989లో షికాగో మోటార్ షోలో తొలిసారి కనిపించిన మాజ్దా ఎంఎక్స్-5 కూడా ఎప్పుడో గీత దాటింది. పెట్రోలును గాలితో కలిపే పాతకాలపు కార్బ్యురేటర్ లేనిదే క్లాసిక్ కాదనే పెద్దలు ఈ మాటకు ముఖం చిట్లిస్తారు. మొదటిసారి కొనేవారు ఆ తగువులో తలదూర్చకపోవడమే మేలు, ఎందుకంటే నేను ముందుగా చూడమని చెప్పే రెండు కార్లలో అదొకటి.

నడపడమా, బాగుచేయడమా

సెలవు రోజు పొద్దున మీరు ఏం చేయాలనుకుంటున్నారు? తాళం తిప్పి వంపుల రోడ్డు ఎక్కాలనా, చేతులకు గ్రీజు పూసుకుని బోనెట్ కింద దూరాలనా? అడిగితే చాలామంది రెండూ అంటారు. నిజాయితీగా ఆలోచిస్తే ఏదో ఒకవైపు మొగ్గు ఉంటుంది. ఆ మొగ్గును బట్టే బ్రిటిష్ కారు ఎంజీబీ, ఎంఎక్స్-5ల మధ్య ఎంపిక తేలుతుంది. మిగతా కార్ల సంగతి ఆ తర్వాత.

ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా తయారైంది. టాపు తీసే రోడ్‌స్టర్, 1965లో వచ్చిన గట్టి కప్పు జీటీ కలిపి 5 లక్షలకు పైగా రోడ్డెక్కాయి. ఆ సంఖ్యే దాని బలం. మర మేకు నుంచి పూర్తి బాడీ షెల్ దాకా కొత్తవి తయారవుతూనే ఉన్నాయి. 1,798 సీసీ ఇనుప ఇంజిన్, ఎక్కువ బండ్లలో రెండు ఎస్‌యూ కంపెనీ కార్బ్యురేటర్లు. కంప్యూటర్ ఊసే లేదు. బోనెట్ ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. ఓ మోస్తరు పానాల సెట్టు, కాస్త ఓపిక ఉంటే ఇంజిన్‌లోకి గాలిని, బయటికి పొగను వదిలే వాల్వుల సందులు సరిచేయడం ఒక్క సాయంత్రంలో నేర్చుకోవచ్చు. వేగం మాత్రం ఆశించకండి. 95 హార్స్‌పవర్ అటూ ఇటూ ఉండే ఈ బండిని ఇప్పటి మామూలు కుటుంబ కారు సిగ్నల్ దగ్గరే వదిలేసి పోతుంది. కానీ నేలకు అంత దగ్గరగా కూర్చుని గంటకు 80 కిలోమీటర్లు పోతుంటే 120లో ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ భ్రమ కోసమే కదా ఇదంతా.

1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం క్రోమియం బంపర్లు పోయి నల్లటి రబ్బరు బంపర్లు వచ్చాయి. బండి ఎత్తు అంగుళానికి పైగా పెరిగింది, దాంతో పాటే వంపుల్లో ఒరగడమూ పెరిగింది. అందుకే క్రోమియం బంపరు బండ్లకు గిరాకీ ఎక్కువ. అయినా తుప్పు లేని రబ్బరు బంపరు బండి, తుప్పు పట్టిన క్రోమియం బండి ఒకే ధరకు దొరికితే నేను క్షణం ఆలోచించకుండా మొదటిదే తీసుకుంటాను. జీటీని కూడా చిన్నచూపు చూడకండి. కప్పు ఉండటం వల్ల బాడీ గట్టిగా ఉంటుంది, వాన లోపలికి రాదు, రోడ్‌స్టర్ కన్నా సాధారణంగా తక్కువకే వస్తుంది.

ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు. బాడీయే బరువంతా మోస్తుంది. తలుపు కింద గుమ్మంలా ఉండే బోలు పెట్టె, మెకానిక్‌లు సిల్ అనేది, దానికి వెన్నెముక. అది కుళ్లితే బండి మధ్యలో కుంగుతుంది. పరీక్ష తేలికే. తలుపు మూసి, దాని వెనక అంచుకూ వెనక రెక్కకూ (వెనక చక్రం పైన ఉండే రేకుకూ) మధ్య సందు చూడండి. పై నుంచి కింది దాకా ఒకే వెడల్పు ఉండాలి. పైన బిగుసుకుపోయి కింద తెరుచుకుని ఉంటే నడుము వంగిందని అర్థం. యజమాని ఒప్పుకుంటే బండిని ఒక పక్క జాకీతో ఎత్తించి, తలుపు తెరిచి మూయండి. మామూలుగా తెరుచుకున్న తలుపు గాల్లోకి లేచాక పట్టేస్తే ఇక అక్కడ మాట్లాడాల్సింది ఏమీ లేదు.

గుడ్డ పేలికలో చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో ఉంచుకోండి. నేను చూడబోయిన ఒక బండికి అద్దంలాంటి రంగు. సిల్ మీద పెట్టిన అయస్కాంతం అంటుకోకుండా జారి నేల మీద పడింది. కింది నుంచి వేలితో పొడిచి చూస్తే లోపల కుక్కిన పాత వార్తాపత్రికలు, వాటి మీద మందంగా పుట్టీ, ఆ పైన రంగు. పైన పటారం, లోన లొటారం అనే మాటను అంత అక్షరాలా ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు ఎంఎక్స్-5. మాజ్దా ఇంజినీర్లు 1960ల బ్రిటిష్ రోడ్‌స్టర్లను, ముఖ్యంగా లోటస్ ఎలాన్‌ను మనసులో పెట్టుకుని తయారుచేసిన కారు ఇది. వాటి సరదా అంతా ఉంచి, ఆగిపోయే గుణాన్ని మాత్రం తీసేశారు. మొదటి తరం, అంటే 1997 దాకా వచ్చిన ఎన్‌ఏ, మన లెక్కలోకి వచ్చేది. వెయ్యి కిలోల లోపు బరువు, మొదట 1.6, తర్వాత 1.8 లీటర్ల ఇంజిన్, పైకి లేచే హెడ్‌లైట్లు. గేరు మారిన చప్పుడు చెవికన్నా ముందు అరచేతికి తెలుస్తుంది. చలిలో తాళం తిప్పినా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. ఇంజిన్ గురించి పెద్దగా దిగులు పడనక్కరలేదు. వాల్వులను పిస్టన్ల తాళానికి సరిగ్గా కదిలించే టైమింగ్ బెల్టు తెగినా ఈ ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వులు ఢీకొనవు. 1991 దాకా వచ్చిన తొలి 1.6 ఇంజిన్లలో మాత్రం ఒక లోపం ఉంది. పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు, క్రాంక్ షాఫ్టు, ముందు కొన పొట్టిది కావడంతో బోల్టు వదులైతే గాడి అరిగి షాఫ్టే పాడవుతుంది. ఇంజిన్ తిరుగుతుండగా అడుగున ఆ కొనకు బిగించిన కప్పీ (బెల్టు తిరిగే చక్రం) వంకరగా ఊగుతోందేమో చూడండి.

దీని శత్రువూ తుప్పే, కాకపోతే దారి వేరు. గుడ్డ టాపు మీద పడిన వాన నీరు సీట్ల వెనక ఉన్న రెండు సన్నని కాలువల గుండా కిందికి పోవాలి. ఆకులు, మట్టి అడ్డుపడితే ఆ నీరు పక్కకు మళ్లి సిల్ చుట్టూ, కార్పెట్ కింద నిలుస్తుంది. వెనక చక్రానికి కాస్త ముందు సిల్ లోపలి నుంచి బయటికి తినేసుకుంటూ వస్తుంది. బయట చిన్న పొక్కు కనబడిందంటే లోపల అరచేయంత భాగం పోయి ఉండవచ్చు. టాపు మడిచి, ఒక గ్లాసు నీళ్లు ఆ కాలువలో పోసి, వెంటనే వంగి బండి కింద చూడండి. ధారగా కారితే మంచిది. ఏమీ కారకపోతే సీటు వెనక కార్పెట్ ఎత్తి తడి ఉందేమో తడమండి.

నా తీర్పు అడిగితే, నడపడం కోసమైతే ఎంఎక్స్-5. పాత యంత్రం ఎలా పనిచేస్తుందో చేతులతో నేర్చుకోవడం కోసమైతే ఎంజీబీ. ఎంఎక్స్-5ని పెట్రోలు బంకులో ఎవరూ పలకరించరు. ఎంజీబీలో వెళ్తే మీకు ముందే ఆలస్యమైన రోజున కూడా ఎవరో ఒకరు వచ్చి తమ నాన్నగారి కారు గురించి పావుగంట చెబుతారు. దీన్ని లాభంలో వేసుకోవాలో నష్టంలో వేసుకోవాలో మీ స్వభావాన్ని బట్టి ఉంటుంది.

పోర్షె 944: చవకగా దొరికినా చవక బండి కాదు

1982 నుంచి 1991 దాకా వచ్చిన 944 ముందు వైపు ఇంజిన్, వెనక గేర్‌బాక్స్ పెట్టుకుని బరువును దాదాపు సగం సగం పంచుకుంటుంది. వంపుల్లో అంత నమ్మకంగా, అంత సాఫీగా పోయే కారు ఈ వరుసలో ఇంకొకటి లేదు. బాడీకి జింకు పూత ఉండటంతో తుప్పు బెడద తక్కువ. మరి ఇంకేం కావాలి అనిపిస్తుంది. అక్కడే ఉంది మెలిక.

2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ అదురు తగ్గించడానికి లోపల రెండు బ్యాలెన్స్ షాఫ్టులు పెట్టారు. ఆ విధానపు పేటెంట్ మిత్సుబిషిది కావడంతో పోర్షె వాళ్లకు రుసుము కట్టాల్సి వచ్చింది. వాటికొక బెల్టు, టైమింగ్‌కు ఇంకొక బెల్టు. ఎంఎక్స్-5లా కాదు, ఇక్కడ టైమింగ్ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను వంచేస్తాయి. ఆ ఒక్క క్షణంలో ఇంజిన్ మరమ్మతు ఖర్చు బండి ధరను దాటిపోవచ్చు. కిలోమీటర్లు తక్కువ తిరిగినా ఈ బెల్టులను నాలుగైదేళ్లకోసారి మార్చాల్సిందే. మార్చినట్టు బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకోండి. క్లచ్ మార్చాలన్నా వెనక గేర్‌బాక్స్, దాన్ని ఇంజిన్‌తో కలిపే పొడవాటి గొట్టం విప్పాలి. వస్తువు ఖరీదు కన్నా కూలి ఎక్కువ. పైగా డీఎంఈ రిలే అనే చిన్న డబ్బా ఒకటి ఉంది. అది చెడితే ఇంజిన్‌కు పెట్రోలు అందదు. 944 నడిపేవారు గ్లవ్ బాక్సులో ఒకటి అదనంగా పెట్టుకుని తిరుగుతారు.

సర్వీసు కాగితాలు దస్తాగా ఉన్న 944 దొరికితే సంతోషంగా కొనుక్కోండి. కాగితాలు లేకుండా ఆశపుట్టించే ధరకు దొరికితే మాత్రం ఆ తేడా అంతా మొదటి ఏడాదిలోనే మెకానిక్‌కు చేరుతుంది.

మనసు దోచేవి, మొదటిసారికి కొంచెం బరువైనవి

ఆల్ఫా రోమియో స్పైడర్ నా బలహీనత, కాబట్టి ఈ మాటలను కాస్త తగ్గించుకుని చదవండి. పినిన్‌ఫరీనా గీసిన ఈ కారు 1966లో వచ్చి, నాలుగు దశలు మారుతూ 1990ల మొదటి సంవత్సరాల దాకా బతికింది. అల్యూమినియం ట్విన్‌క్యామ్ ఇంజిన్ పాడే పాట ఎంజీబీకి ఏ జన్మకూ రాదు. 1969 దాకా వచ్చిన గుండ్రటి తోక బండ్లు సేకరణకర్తల చేతుల్లో ఉన్నాయి, వాటి జోలికి వెళ్లకండి. 1970 తర్వాతి కోసుడు తోక బండ్లను చూడండి. చల్లటి ఇంజిన్‌తో మూడు నుంచి రెండో గేరుకు దింపితే కరకరమంటే గేరును సాఫీగా కలిపే సింక్రో అరిగినట్టు. ఇది ఈ బండికి ఇంటి జబ్బు, దీనికి భయపడి పారిపోనక్కరలేదు, ధరలో తగ్గించమనండి. అడుగు రేకు, సిల్ కుళ్లితే మాత్రం పారిపోండి.

ట్రయంఫ్ టీఆర్6లో 2.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, విడిగా ఛాసిస్. మొరటు బండి, ఆ మొరటుతనమే అందం. కొనేముందు ఒక స్నేహితుణ్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఇంజిన్ ఆపి ఉండగా క్లచ్ నొక్కి వదలమనండి. మీరు ముందు నిలబడి క్రాంక్ కప్పీని చూస్తూ ఉండండి. అది కంటికి తెలిసేంతగా ముందుకు వెనక్కు కదిలితే క్రాంక్‌ను ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టే లోపలి థ్రస్ట్ వాషర్లు అరిగాయి. అవి జారి పడిపోతే క్రాంక్, బ్లాకు రెండూ పోతాయి. దీని చిన్న తమ్ముడు స్పిట్‌ఫైర్‌కూ ఇదే పరీక్ష. స్పిట్‌ఫైర్ ముందు భాగం మొత్తం ఒక్కసారిగా ముందుకు తెరుచుకుంటుంది, టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. డబ్బు తక్కువ, నేర్చుకోవాలన్న కోరిక ఎక్కువ ఉన్నవారికి ఎంజీబీకి అది మంచి ప్రత్యామ్నాయం.

1969లో వచ్చిన డాట్సన్ 240జడ్ ఇంజిన్ మొండిది, 2.4 లీటర్ల ఆరు సిలిండర్లు. రేకు మాత్రం పల్చన. బ్యాటరీ కింద, అడుగు పట్టీల్లో, వెనక చక్రాల ముందు తుప్పు గ్యారంటీ అనుకుని వెతకండి. మంచివి ఇప్పుడు అంత తేలిగ్గా దొరకవు.

జాగ్వార్ ఈ-టైప్, గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న పోర్షె 911 గురించి ఒక్క మాట. రెండూ అద్భుతాలే. ఈ-టైప్ వెనక బ్రేకులు చక్రాల దగ్గర కాక లోపల, వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె డిఫరెన్షియల్‌ను ఆనుకుని ఉంటాయి, డిస్కులు మార్చడానికి వెనక భాగం మొత్తం కిందికి దింపాల్సిన పని. ఇలాంటి బండి మీద మొదటి పాఠాలు నేర్చుకోవడం ఖరీదైన చదువు.

ప్రాజెక్టు బండా, పునరుద్ధరించినదా, తిరుగుతున్నదా

విప్పేసి పెట్టెల్లో పెట్టిన బండి అన్నిటికన్నా చవకగా కనిపిస్తుంది. ఏ పెట్టెలో ఏది లేదో చివరి పెట్టె తెరిచేదాకా తెలియదు. విప్పినవాడికే గుర్తులేని బోల్టు మీకెలా తెలుస్తుంది? మొదటిసారి దీని జోలికి పోకండి. కొత్తగా రంగు వేసి పూర్తిగా పునరుద్ధరించామనే బండి అయితే, రంగుకు ముందు తీసిన ఫొటోలు అడగండి. నిజంగా రేకు కోసి వెల్డింగ్ చేయించినవారి దగ్గర ఆ ఫొటోలు వందల్లో ఉంటాయి, అడగకముందే చూపిస్తారు. లేవంటే ఆ రంగు కింద ఏముందో మీ అయస్కాంతాన్నే అడగాలి.

నేనైతే రంగు కాస్త వెలిసి, సీటు కుట్లు అక్కడక్కడ ఊడి, ప్రతి నెలా రోడ్డు మీద తిరుగుతున్న బండికే ఓటేస్తాను. లోపాలు దాని ముఖం మీదే ఉంటాయి. పదేళ్లు షెడ్డులో నిలబెట్టిన బండిని తక్కువ కిలోమీటర్లు తిరిగిందని పొగుడుతారు. నిలబడిన బండిలో బ్రేకులు బిగుసుకుంటాయి, పెట్రోలు జిగురవుతుంది, రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి. తిరగకపోవడం విశ్రాంతి కాదు.

బండి చూడబోయే రోజు

వస్తున్నామని ఫోను చేసినప్పుడు ఒకటే కోరండి: నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని. చేరగానే మొదట బోనెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడానికి ఏదో ఇబ్బంది ఉందని అనుమానించండి. ఇంకో రోజు వస్తానని చెప్పి వెనుదిరగడం తప్పు కాదు. స్టార్ట్ చేసేటప్పుడు వెనక నిలబడి పొగ చూడండి. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. నల్లది అంటే పెట్రోలు పాలు ఎక్కువ, కార్బ్యురేటర్ సవరిస్తే సరిపోవచ్చు. తెల్ల ఆవిరి మొదటి నిమిషాల్లో మామూలే, ఇంజిన్ వేడెక్కాకా ఆగకపోతే రేడియేటర్ నీరు సిలిండర్లలోకి వెళ్తోంది. ఆయిల్ మూత లోపల మీగడలాంటి జిగురు ఉంటే రెండు కారణాలు కావచ్చు: సిలిండర్ల పైన నీరు, ఆయిల్ కలవకుండా మూసే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండాలి, లేదా బండి చిన్న చిన్న దూరాలే తిరిగి ఉండాలి. అరగంట నడిపి ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూస్తే కొంత తేలుతుంది.

టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2309 అని ఉంటే 2009వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. టైరు మీది గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరు రాయితో సమానం. మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది, దాని మీద పరీక్షకు కూడా బండిని బయటికి తీయకండి.

కాగితాల మీది ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిపోల్చండి. ఇంజిన్ మారి ఉంటే నడపడానికి ఇబ్బంది లేదు, ధర మాత్రం ఆ మేరకు తగ్గాలి. ఛాసిస్ నంబరు తేడా ఉంటే బేరం అక్కడితో ఆపేయండి.

మీ దగ్గరున్న డబ్బంతా బండి ధరకే పోయకండి. కనీసం ఐదో వంతు పక్కన పెట్టండి, మొదటి నెలలోనే దానితో పని పడుతుంది. బండి ఇంటికి రాగానే ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్లు, కూలెంట్, బ్రేకు ద్రవం అన్నీ మార్చేయండి. పాత రబ్బరు పెట్రోలు గొట్టాలను చూడటం కూడా అనవసరం, కోసి పారేయండి. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ వాటిని లోపలి నుంచి తినేస్తుంది, కారిన చుక్క పడేది వేడి ఇంజిన్ మీద. ఎర్తు తీగలు విప్పి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించండి. బ్రిటిష్ కార్ల కరెంటు తరచూ చెడిపోతుందన్న అపవాదులో సగం ఆ తీగల తుప్పుదే. ఇదంతా అయ్యాక మొదటిసారి బయల్దేరినప్పుడు ఇంటికి పది కిలోమీటర్ల లోపే తిరగండి, డిక్కీలో అగ్నిమాపక సిలిండర్ ఒకటి పెట్టుకుని.